డబ్బా వణుకు

పెళ్లయిన నాటి నుంచి మా ఆయనకు చెప్పాల్సిందంతా నోటితోనే చెప్పాను. అందుకే రాయడం నేర్చుకోవాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. మాది లంబాడీ తండా. ఇంట్లో మేం మాట్లాడుకునే భాషను ఎవరైనా కాగితం మీద పెట్టగా నేను చూడలేదు. తెలుగు మాకు అంగడిలో, బస్సులో, దవాఖానలో అక్కరకొచ్చే భాష. బడి వాగుకు అవతల ఉండేది. వానాకాలం వాగు దాటనిచ్చేది కాదు, ఎండాకాలం ఇప్పపూలు ఏరాలి, మిగిలిన రోజులు మిరప చేను. అట్లా చిన్నతనం గడిచింది, పెద్దతనమూ గడిచింది. ఆ తర్వాత మా ఆయనకు వినపడటం ఆగిపోయింది. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు, చదవగలడు. ఇక రాయాల్సింది నేనే. మా మహిళా సంఘంలో చదువుకున్న ఒక చెల్లె పక్కన కూర్చుని, మనుమలను ఎత్తుకోవాల్సిన వయసులో అక్షరాలు దిద్దాను. నేను ఆయనకు మొదట రాసి చూపించింది ‘అన్నం తిను’ అని.

ఇప్పుడు రాస్తున్నది అంతకు ముందటి సంగతి. ఆయన చెవులు పోతున్నాయని నాకు తెలిసి, ఆయన మాత్రం ఒప్పుకోని కాలం అది.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అంటాం. ఆ ఊరి చివర రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు. సగం ఇల్లు, సగం పని. మా ఆయన సౌండు డబ్బాలు చేస్తాడు. పెళ్లి బరాతులకు, బతుకమ్మకు, మా తండాల తీజ్ పండుగకు ట్రాలీ మీద పెట్టి మోగించే పెద్ద బాసు డబ్బాలు. లోపలి స్పీకరు కొనుక్కొచ్చేదే. దాని చుట్టూ ఉండే చెక్క పెట్టె మాత్రం ఆయన చేతిది. “స్పీకరు మోగాలె, పెట్టె మోగద్దు” అనేవాడు. పెట్టె గోడలు వణికితే పాటలో లేని చప్పుడు వచ్చి పాటలో కలుస్తుంది. అందుకని పెట్టె బిగించిన తర్వాత ఆయన వేలి గణుపులతో గోడలన్నీ తట్టుకుంటూ పోయేవాడు, ఆడవాళ్లు కుండను తట్టి చూసి కొన్నట్టు. గట్టిగా పలికినచోట వదిలేసేవాడు. బొంగురుగా పలికినచోట పెన్సిలుతో గీత గీసి, లోపల అక్కడ అడ్డకర్ర వేసేవాడు. ఎక్కడ వేయాలో చెప్పే పుస్తకం లేదు, కొలత లేదు. ఆయన పనితనమంతా ఆ తట్టడంలో, ఆ వినడంలో ఉండేది.

వయసులో ఉన్నప్పుడు ఆయన వేరేవాళ్ల సౌండు సెట్టులో పని చేశాడు. పొద్దున మొదలు బరాతు అయ్యేదాకా డబ్బాల పక్కనే నిలబడేవాడు. ఆ మోత చెవులను తినేసింది. మొదట ఫోను మోగితే వినపడలేదు. తర్వాత కుక్కరు ఈల. ఆ తర్వాత వెనక నుంచి పిలిస్తే నేను. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే నా పెదవులు చూసి అర్థం చేసుకునేవాడు. “గొణుగుతవేంది, నోరు తెరిచి మాట్లాడు” అని నన్నే తిట్టేవాడు.

అదే సమయానికి చెక్క మారింది. జనగామలో మేం ప్లైవుడ్డు కొనే దుకాణంలో మందమైనది రావడం ఆగిపోయింది. సేటును అడిగితే, “అందరు అలకటి డబ్బలే అడుగుతాన్రట గద, ఎత్తనీకి సులువని. మందంది తెప్పిస్తె నా దుకాండ్లనే ముసల్దైతాంది” అన్నాడు. పల్చటి చెక్కే తెచ్చుకున్నాం. పల్చటి గోడకు వణుకు ఎక్కువ, అడ్డకర్రలు చూసి చూసి వేయాలి. ఆయన ఎప్పటిలాగే తట్టాడు, ఎప్పటిలాగే తల ఊపాడు. గీతలు మాత్రం ఎక్కడ పడితే అక్కడ గీశాడు. నేను చూస్తూ ఉన్నాను.

నర్సింహులపేట నుంచి సౌండు సెట్టు నడిపే ఒకతను డబ్బాలు వాపస్ పట్టుకొచ్చాడు.

“అన్నా, పాట ఒకటి పాడుతాంది, నీ డబ్బ ఇంకోటి పాడుతాంది. పెండ్లిపిల్ల మేనమామ వచ్చి, ఏంది తమ్మీ డబ్బల తుమ్మెద జొర్రిందా అని అడిగిండు.”

“వైరు లూజుంటది” అన్నాడు మా ఆయన.

“వైరు మార్చిన.”

“అయితె ఆంప్లిఫయరు మిషను ఖరాబుంటది.”

“మిషను గూడ మార్చిన అన్నా. ఇగ డబ్బ మార్చుడొక్కటే మిగిలింది.”

మా ఆయన పాట పెట్టాడు. బాసు పడ్డప్పుడల్లా పక్క గోడలోంచి జుర్రుమని చప్పుడు. ఆయన చెయ్యి నడుముకు పెట్టుకుని విని, “ఏది? మంచిగనే ఉంది గద” అన్నాడు. వచ్చినతను నా వైపు తిరిగి, “అక్కా, నువ్వు జెప్పు” అన్నాడు. “ఈడ పెట్టిపో తమ్మీ, చూసి పంపుతం” అన్నాను. అతను వెళ్లాక మా ఆయన, “కొత్త మోడలు మీద మనసు పోయినట్టుంది వానికి, నా పనికి వంకలు పెడ్తాండు” అని బీడీ వెలిగించుకున్నాడు.

సౌండు నడిపేవాళ్లు ఒకరికొకరు తెలుసు. ఒక జాతరలో కలుస్తారు, ఒక పెళ్లిలో వైర్లు అప్పడుగుతారు. ఆయనకు వినపడటం లేదని ఒక్కడు అన్నా చాలు, మా షెడ్డు ముందు ఇంకే బండీ ఆగదు. తిండికి ఏదో ఒకటి దొరుకుతుంది, మిరప ఏరవచ్చు, తట్ట మోయవచ్చు. నా భయం తిండి గురించి కాదు. చెవులు పోయి, పని కూడా పోతే ఆ మనిషిలో ఏం మిగులుతుందని. అప్పటికే ఆయన పదిమందిలో కూర్చోవడం మానేశాడు. చావుకు పోయినా, పండుగకు పోయినా అందరికీ వెనక నిలబడేవాడు. చెక్క ముందు కూర్చున్నప్పుడు మాత్రమే పాత మనిషిలా ఉండేవాడు.

పైగా భూపాలపల్లి వైపు ఘనపూర్‌లో పెద్ద సౌండు సెట్టు ఉన్న ఒకాయన కొత్త డబ్బాలు చేయమని చెప్పి ఉన్నాడు. బొగ్గుబాయి కాలనీల పెళ్లిళ్లన్నీ అతనివే. తానే వచ్చి, విని, నచ్చితేనే తీసుకుపోతానన్నాడు. అతను తీసుకుంటే ఆ వైపు వాళ్లంతా వస్తారు. వద్దంటే ఎందుకు వద్దన్నాడో అందరికీ తెలుస్తుంది.

అతని కోసం బిగించిన మొదటి డబ్బాలోనూ అదే జుర్రు. నాకు తోచింది నేను చేశాను. ఇంట్లో ఉన్న పాత గొంగడి కత్తిరించి, డబ్బా లోపల గోడలకు బంక పూసి అంటించాను. పాట కొంచెం మెత్తబడింది, జుర్రు పోలేదు. ఇంకొంత గొంగడి కుక్కాను. బాసులో బలం తగ్గింది, జుర్రు అట్లాగే ఉంది. గొంగడి లోపలి గాలిని పట్టుకుంది గానీ గోడను పట్టుకోలేదు. ఆయన లోపలికి చెయ్యి పెట్టి ఉన్నిని నిమిరి, “ఇప్పుడు పక్కాగైంది” అన్నాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఎంత బరువో చెప్పలేను.

అంతలో కొత్తగూడ నుంచి మా అన్న వచ్చాడు. అడవి పక్కన పోడు చేను చేసుకునే మనిషి. అన్న గొంతు పెద్దది, అవతలి గుట్టమీది మనిషిని పిలిచే గొంతు. అందుకని అన్న ఏం మాట్లాడినా మా ఆయనకు వినపడింది. అన్న ఉన్నన్ని రోజులు ఆయన ముఖం తేటగా ఉంది.

“ఇంటికి దూలం ఏసినట్టు ఎయ్యి బావా. ఈ గోడకు ఆ గోడకు నడుమ కర్ర బిగిస్తె గోడ ఎటు పోతది?” అన్నాడు అన్న.

“ఏం కర్ర?”

“నల్లమద్ది. నా చేను గట్టు మీదిది కొట్టుకొస్త. రాయోలె ఉంటది.”

మాట మంచిదే. అన్న పోయి కొట్టుకొచ్చిన కర్రలే పచ్చివి. మా తండాల్లో ఇంటి కర్రను పచ్చిగా ఉన్నప్పుడే బిగిస్తారు. ఎండిన నల్లమద్దికి మేకు దిగదు, వంగిపోతుంది. తాతల నాటి నుంచి మా ఇళ్లన్నీ అట్లాగే నిలబడ్డాయి. బావ బావమరుదులు ఇద్దరూ ఎగతాళి మాటలాడుకుంటూ పచ్చి కర్రలు కోసి, గోడ నుంచి గోడకు బిగించి మేకులు దిగ్గొట్టారు. పాట పెడితే జుర్రు లేదు. నిజంగానే లేదు. డబ్బా నోరు మూసుకుని కూర్చుంది. ఆ రోజు నేను కోడిని కోసి, జొన్నరొట్టెలు చేశాను. మర్నాడు అన్న బస్సెక్కాడు.

వారం తిరగలేదు. రేకుల కింద ఎండకు కర్రలు ఆరడం మొదలైంది. ఇంటి పైకప్పులో కర్ర మెలి తిరిగినా పైనున్న బరువు దాన్ని అణచిపెడుతుంది, పైగా ఇల్లు ఏం చప్పుడు చేస్తుందో ఎవరూ చెవి పెట్టి వినరు. డబ్బాలో కర్ర మెలి తిరిగి కొసలు లేచాయి, మేకులు వదులైనాయి. ఇప్పుడు జుర్రుతో పాటు టకటక కూడా వచ్చింది. లోపల ఎవరో ఉండి, తలుపు తీయమని కొట్టినట్టు ఉండేది. నేను వంట చేస్తూ విన్నాను, బట్టలు పిండుతూ విన్నాను. ఆయన పక్కన కూర్చుని మిగతా డబ్బాలకు అవే కర్రలు కొలుస్తున్నాడు.

ఘనపూరాయన వచ్చే రోజు దగ్గరపడింది. ఇక ఆగలేక ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను.

“కర్రలు కదిలినయ్” అన్నాను.

“ఏంది?”

“కర్రలు. చప్పుడొస్తాంది.”

ఆయన నా పెదవుల నుంచి చూపు తీసేశాడు. “నువ్వు గూడ వాళ్లతోనే కలిసినవా” అని లేచి, పాట పెట్టి, సౌండు చివరిదాకా తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఆయన డబ్బా గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. పక్కన పంక్చరు దుకాణం నడిపే మనిషి పరుగున వచ్చి, “అక్కా, జర బంద్ చేయిండ్రి. టైరుకు గాలి ఏడ పోతాందో ఇనపడ్తలేదు” అన్నాడు. నేను వెళ్లి ప్లగ్గు పీకాను. పాట ఆగిందని ఆయన చెవితో కాదు, చెంపతో తెలుసుకున్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“చెప్పు. వస్తాందా?”

“వస్తాంది.”

“ఎన్నడి సంది?”

నేను వాపస్ వచ్చిన నర్సింహులపేట డబ్బాల వైపు చూశాను. ఆ చూపే ఆయనకు సరిపోయింది. నేల వైపు చూస్తూ, “నాకు ఇనపడ్తలేదు” అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. ఫోను నా చేతికిచ్చి, “ఘనపూరాయనకు రావద్దని చెప్పు. నువ్వే చెయ్యి. అవతల ఏమంటాండో నాకు తెల్వది” అన్నాడు. ఫోను పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. చేస్తే అంతా అయిపోతుంది. చేయకపోయినా అయిపోతుంది.

చేతులు ఊరికే ఉంటే ఏడుపొచ్చేట్టుంది. చాటలో జొన్నలు పోసుకుని, రాళ్లు ఏరుతూ పడుకోబెట్టి ఉన్న డబ్బా పక్కన కూర్చున్నాను. మా ఆయన మళ్లీ వచ్చాడు. పరీక్షకు వాడే చప్పుడు ఒకటి ఉంటుంది, పాట కాదు, ఒకే తీరుగా బుంయ్‌మని మోగుతుంది. అది పెట్టి డబ్బా గోడలను అరచేతులతో పట్టి చూస్తున్నాడు. “అంతట వణుకుతాంది. ఏడని పట్టాలె” అన్నాడు. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టున్న ఆ చేతులను చూడలేక, చాటను డబ్బా మీద పెట్టి ముఖం తుడుచుకున్నాను. చాట అంచు నుంచి కొన్ని జొన్నలు చెక్క మీద పడ్డాయి. పడ్డవి ఆగలేదు. నూనెలో ఆవాల్లా ఎగిరాయి.

నేను ఇంకో పిడికెడు పోశాను. నడుమ పడ్డవన్నీ ఎగిరి దూరం జరిగాయి. అంచుల దగ్గర పడ్డవి కదలలేదు. కదిలినవన్నీ పోయి ఒక వంకర గీత మీద చేరి పడుకున్నాయి. మా ఆయన వంగి చూశాడు. “మళ్ల పొయ్యి” అన్నాడు. పోశాను. ఆయన చప్పుడును కొంచెం సన్నగా మార్చాడు, జొన్నలు లేచి వేరేచోట చేరాయి. పెన్సిలు తీసి, జొన్నలు ఎగిరిన ప్రతిచోటా చుట్టు గీశాడు. డబ్బాను తిప్పి ఇంకో గోడ. మళ్లీ జొన్నలు. ఒక్క మాట మాట్లాడకుండా, తట్టి వినే రోజుల్లో ఉన్న ముఖంతో పని చేశాడు.

“ఎండిన కర్ర కావాలె” అన్నాడు చివరికి. “ఏండ్లకేండ్లు ఎండింది.”

ఇంట్లో అట్లాంటిది ఒక్కటే ఉంది, మా నులక మంచం. మా మామ చేయించిన టేకు పట్టెలు. ఆయన నా వైపు చూశాడు, నోరు తెరిచి అడగలేదు. నేను బొంత తీసి మడిచిపెట్టి నులక విప్పాను. ఆయన పచ్చి కర్రలన్నీ పీకేసి, టేకును కోసి, గోడకు గోడకు మధ్య వేశాడు. సరిగ్గా నడిమధ్యలో వేస్తే రెండు పక్కలా ఒకే తీరుగా వణుకుతుందని కొంచెం పక్కకు జరిపి వేశాడు. మేకులు కాదు, బంక పూసి స్క్రూలు బిగించాడు. మంచం అయిపోతే లోపలి గది తలుపు చట్రం కోశాం. తలుపు ఉన్నచోట నా చీర కట్టాను. బంక ఆరాక మళ్లీ జొన్నలు పోసి చప్పుడు పెట్టాడు. గింజలు కొంచెం మెదిలాయి, ఎగరలేదు. జుర్రు లేదని చెప్పడానికి నేను చెయ్యి ఎత్తబోతే, “నువ్వు చెప్పకు. జొన్నలు చెప్పినయ్” అన్నాడు.

నేను ఫోను చేయనే లేదు, చెప్పిన రోజుకే ఘనపూరాయన జీపులో వచ్చాడు. తన పాట తానే పెట్టుకున్నాడు. గొంతుక్కూర్చుని విన్నాడు, దూరం పోయి విన్నాడు, డబ్బా చుట్టూ తిరిగాడు. “రాయి లెక్క ఉంది” అన్నాడు. మా ఆయన పాట వైపు కాక అతని ముఖం వైపు చూస్తున్నాడు. అతను డబ్బాల వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి, “అన్నా, లోపట ఏం కర్ర ఏసినవ్?” అని అడిగాడు. మా ఆయన కదలలేదు. అతను మళ్లీ అడిగాడు. “టేకు తమ్మీ” అన్నాను నేను. అతను పాట ఆపి, మెల్లగా వచ్చి, మా ఆయన వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. పంక్చరు దుకాణం మనిషి తలెత్తి చూశాడు. మా ఆయన చూడలేదు.

“అక్కా, అన్నకు ఇనపడదా?”

“ఇనపడది” అన్నాను.

అతను డబ్బా అంచును గోటితో గోకాడు. “డబ్బలు మంచిగనే ఉన్నయక్కా. గని రేపు ఏదన్న తేడా వస్తె ఎవల్ని అడగాలె? చెవిటాయన దగ్గర సౌండు కొన్నవా అని మావోళ్లు నన్ను నవ్వుతరు. జర సోంచాయించి చెప్త.” జీపు వచ్చినట్టే ఖాళీగా పోయింది.

“ఏమన్నడు?” అని అడిగాడు మా ఆయన.

“మంచిగున్నయన్నడు.”

“మరి తీస్కపోలేదేంది?”

నా పెదవులు కదలలేదు. వాటినే చూస్తున్న ఆయనకు అది చాలు. లోపలికి పోయి, మంచం ఉండే చోట కటిక నేల మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వడ్డిస్తే లేవలేదు. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. డబ్బా చెడిపోయి ఉంటే ఇంకో కర్ర వెతికేదాన్ని, ఇంకో గొంగడి కోసేదాన్ని. డబ్బా బాగుంది. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. అంత నిస్సహాయంగా నేను ఎన్నడూ కూర్చోలేదు, మా నాయిన పోయిన రోజు కూడా.

మర్నాడు పొద్దున్నే నేను రోడ్డు మీదికి వెళ్లి ట్రాలీ ఆటోను పిలుచుకొచ్చాను. పంక్చరు దుకాణం మనిషిని తోడు పిలిచి డబ్బాలు ఎక్కించాను. మా ఆయన బయటికొచ్చి, “ఎటు?” అన్నాడు. ఎదురుగా నిలబడి, “ఘనపూర్” అన్నాను. “నేను రాను” అన్నాడు. “నువ్వు లేకపోతె నేనేం జెప్పాలె? ఎక్కు” అన్నాను. దారి పొడుగునా డబ్బాను పట్టుకుని కూర్చున్నాడు, నా వైపు చూడలేదు.

ఘనపూర్‌లో అతని గోదాము ముందు పనివాళ్లు వైర్లు చుడుతున్నారు. అతను పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చాడు. “ఏందక్కా, గిట్ల చెప్పకుండ?”

ఆటో డ్రైవరూ నేనూ ఒక డబ్బా దించి వాకిట్లో పెట్టాం. పనివాళ్లందరికీ వినపడేటట్టు గొంతు పెంచాను.

“నిన్న నువ్వడిగితె నీకొక్కనికే చెప్పిన తమ్మీ, ఇయ్యాల అందరి ముంగట చెప్తాన. మా ఆయనకు ఇనపడది. గిది చెవులతోని చెయ్యలే, కండ్లతోని చేసిండు. మీకు చెవులున్నయ్ గద. ఎంత పెద్దగ పెడ్తరో పెట్టుండ్రి. జుర్రుమంటె ఈడనే పగలగొట్టి పొయ్యిల పెట్టుకోండ్రి.”

“టేకట, వంట జల్ది అయితది” అన్నాడు పనివాళ్లలో ఒకడు. ఒకరిద్దరు నవ్వారు. అతను నవ్వలేదు. వైరు తెమ్మని చెయ్యి ఊపాడు.

పాట మొదలైంది. పనివాళ్లు చుట్టూ చేరారు. మా ఆయన కొంచెం దూరంగా నిలబడి వాళ్ల ముఖాలను ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఘనపూరాయన డబ్బా పక్క గోడ మీద చెయ్యి వేసి, తల వంచి, చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత నా వైపు రాలేదు. మా ఆయన ఎదురుగా పోయి నిలబడి, నోరు బాగా తెరిచి, మెల్లగా, “అన్నా, ఇంకింత పెంచనా?” అని అడిగాడు.

మా ఆయన అతని పెదవులను చూసి తల ఊపాడు.

నేను ఆటో దగ్గరికి వెళ్లి రెండో డబ్బా తాడు విప్పడం మొదలుపెట్టాను.